తాళం వేసిన గదికి తెచ్చిన కుక్క

మా పక్కింటి సొరైదా కపున్యాయ్‌కి కుక్కలంటే ప్రాణభయం. అలాంటి మనిషి తానే వెళ్ళి కుక్కను ఎంచుకుని, ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చుకుందంటే మా ఊరు మొన్సెఫూలో ఇప్పటికీ నమ్మనివాళ్ళున్నారు. తెచ్చిన రోజు నేను ఆమె పక్కనే ఉన్నాను. ఆ తర్వాత జరిగిన రభస కూడా నా కళ్ళముందే జరిగింది.

సొరైదాది పూటకూళ్ళ ఇల్లు. వీధివైపు గదిలో బల్లలు, దాని వెనక పొయ్యిలు, ఆ వెనకాల వాళ్ళ కాపురం. పొద్దున్నే బాతులు కోసే దగ్గర మొదలైతే మధ్యాహ్నం జనం తగ్గేదాకా ఆమె కాలు ఒకచోట నిలవదు. సోమవారం సంగతి చెప్పనక్కర్లేదు. పచ్చి మొక్కజొన్న రుబ్బి, మాంసం వేసి చిక్కగా వండే ఎస్పెసాదో కోసం చిక్లాయో పట్నం నుంచి కూడా జనం దిగుతారు. మొగుడు ఫెర్మీన్ మొన్సెఫూకీ చిక్లాయోకీ మధ్య వ్యాను తోలతాడు. కూతురు నోర్కా పగలు మందుల షాపులో పని, సాయంత్రం చదువు. ఆ ఇంట్లో ఖాళీగా కూర్చున్న మనిషి ఒక్కరే, అత్తగారు నతివిదాద్.

ఆమె మొదట్నుంచీ అలా కూర్చున్న మనిషి కాదు. ఆ పొయ్యిలు పెట్టిందే ఆవిడ. చక్కెర జబ్బు ముదిరి చూపు పోయాక వెనక గదిలో మంచానికి అతుక్కుపోయింది. అయినా చెవులు మాత్రం వంటింట్లోనే ఉండేవి. గరిటె చప్పుడు వినే "అడుగంటుతోందే" అని అక్కణ్ణుంచి కేకేసేది.

ఒక సోమవారం జనం విరగబడి ఉన్న వేళ ఆవిడ మనుషుల్ని పిలిచి పిలిచి, ఎవరూ పలక్కపోతే, గోడ పట్టుకుని తానే బయల్దేరింది. మొక్కజొన్న కల్లుకి మరుగుతున్న గంగాళం అంచు గోడ అనుకుని పట్టుకుంది. ఆ అరుపుకి నేను కుట్టుపని వదిలేసి పరుగెత్తాను. అరచెయ్యంతా పొంగిపోయింది. చక్కెర ఉన్న ఒంటికి పుండు పడితే మానుతుందా? డాక్టరు సొరైదాని నిలబెట్టి చివాట్లు పెట్టాడు. "ఇంకోసారి ఇలా జరిగితే చెయ్యి తీసేయాల్సొస్తుంది" అన్నాడు.

ఆ మాట సొరైదా గుండెల్లో దిగిపోయింది. ఆ వారమే ఫెర్మీన్ తల్లి గది తలుపుకి బయట గడియ కొట్టించాడు. వంట వేళకి దానికి తాళం పడేది. తాళంచెవి సొరైదా నడుముగుడ్డ ముడిలో.

నాకు మనసొప్పలేదు. "వదినా, ఇది బాగాలేదు. మనిషి లోపలుండగా తాళమేంటి?" అన్నాను.

"అయితే నువ్వొచ్చి కూర్చో" అంది బాతు రెక్కలు విరుస్తూ, నా మొహం చూడకుండా. "రోజూ వచ్చి కూర్చో. కూర్చుంటావా? మళ్ళీ కాలితే ఆ చెయ్యి నువ్విస్తావా?"

నేను కొన్నాళ్ళు వెళ్ళాను, కుట్టు చేతబట్టుకుని. కానీ రోజూ వెళ్ళడం నావల్ల కాలేదు. నాకూ ఇల్లుంది. ముసలావిడ మాత్రం తాళం గురించి ఒక్క మాట అనలేదు. అడుగంటుతోందే అని కేకేయడం కూడా మానేసింది. పళ్ళెం వెళ్ళినట్టే తిరిగొచ్చేది. గది గోడకి మా ఊరి బందీ ప్రభువు పటం ఉంది, చేతులు తాడుతో కట్టేసి నిలబెట్టిన యేసుప్రభువు. ఒకరోజు నేను వింటుండగానే ఆ గోడవైపు తిరిగి, "స్వామీ, నీకు తాడు, నాకు తాళం. మనిద్దరం ఒకరికొకరం" అంది. తలుపవతల సొరైదా చేతిలో పళ్ళేలు టపటపమన్నాయి. విన్నదన్నమాట.

ఆ సాయంత్రం తింటావా తినవా అని కోడలు గట్టిగా అడిగితే, ముసలావిడ అంది: "నా దగ్గర కూర్చోడానికి మీకెవరికీ తీరదు. ఒక కుక్కనైనా తెచ్చి పడేయండి."

అది కావాలని అన్న మాట. కోడలికి కుక్కలంటే ఎంత భయమో ఆవిడకి తెలుసు. చిన్నప్పుడు చేలగట్టు మీద ఒక కుక్క సొరైదా పిక్క పట్టుకుంది. బొడ్డు చుట్టూ సూదులు పొడిపించుకున్న పిల్ల. ఎదురుగా కుక్క కనిపిస్తే చేతిలో ఎంత బరువున్నా ఆ సందు వదిలేసి చుట్టు తిరిగి వచ్చేది.

"తెస్తాను" అంది సొరైదా. "కుక్కేగా. తెస్తాను." ఆమె మొహం తెల్లగా పాలిపోయింది.

ఇక ఇంట్లో చర్చ. నోర్కా ఫోను ముందేసుకుని లెక్క చెప్పింది. "చిన్నది కావాలి. బొచ్చు రాలకూడదు, వంటిల్లు కదా. ఊరికే మొరగకూడదు. తిప్పుకొచ్చే తీరిక మనకి లేదు కాబట్టి ఇంట్లోనే పడుండాలి. నానమ్మ కాళ్ళకి అడ్డం పడకూడదు."

"అయితే కుండల వీధికెళ్ళి మట్టికుక్కని కొనుక్కురా" అన్నాడు ఫెర్మీన్. "తిండి కూడా కలిసొస్తుంది."

అలా అన్నవాడే రెండు రోజులకి వ్యానులో ఎక్కే ఒకావిడ దగ్గర్నుంచి ఒక తెల్ల బొచ్చుకుక్కని తెచ్చాడు, చూసి నచ్చితే ఉంచుకోమందట. దూదిపింజలా ముద్దుగానే ఉంది. గరిటె కిందపడితే మొరిగేది, గ్లాసు పెడితే మొరిగేది. సొరైదా ఆ పూటంతా పొయ్యి వెనక నక్కి వంట చేసింది. మధ్యాహ్నం కసాయి వీధి ఆయనొకడు పళ్ళ మధ్యనుంచి ఏదో లాగి వెలుగుకి పట్టి చూశాడు. "సొరైదమ్మా, బాతుకి ఈకలుంటాయని విన్నాను గానీ బొచ్చెప్పుడు మొలిచింది?" గది గదంతా నవ్వింది. సొరైదా నవ్వలేదు. సాయంత్రానికి ఆ కుక్క వచ్చిన వ్యానులోనే వెనక్కెళ్ళింది.

అప్పుడు లోపల్నుంచి ముసలావిడ గొంతు వినిపించింది, చాన్నాళ్ళకి. "బొచ్చు లేనిది కావాలంటే వీరింగో తెచ్చుకోక, ఈ బొమ్మలెందుకే మీకు? మా అమ్మ మోకాళ్ళ మీద ఎప్పుడూ ఒకటి పడుకునేది. రొట్టెలా వెచ్చగా ఉంటుంది."

నిజమే. ఒంటిమీద నూలుపోగంత వెంట్రుక లేని ఆ నల్లకుక్కలు మా వైపువే. మా తాతల కాలంలో ప్రతి ఇంట్లో ఉండేవి. మా దగ్గరే ఉన్నవాటిని ఇన్నాళ్ళూ మర్చిపోయి ఫోనులో వెతికాం.

పూటకూళ్ళ ఇల్లు మూసే మంగళవారం నాడు సొరైదా నన్ను వెంటబెట్టుకుని తూకుమె అనే ఊరికి వెళ్ళింది. అక్కడ బాల్దొమేరో అనే పెద్దాయన వీరింగోలని సాకుతాడు. గేటు తీయగానే కుక్కపిల్లలు, తల్లులు, అన్నీ కలిసి గుంపుగా ఉరికొచ్చాయి. సొరైదా గోడకి కరుచుకుపోయి నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగిపోయాయి. "వదినా, పోదాం పద. నా వల్ల కాదు" అంది. ఊపిరాడని మనిషిలా గసపెడుతోంది.

పెద్దాయన ఈలవేస్తే కుక్కలు వెనక్కి తగ్గాయి. బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చి, ఇంటి సంగతులన్నీ అడిగాడు. అంతా విని, "నీకేమో భయం. మీ అత్తకేమో చూపు లేదు. మీ ఆయన ఇంటిపట్టున ఉండడు, కూతురూ ఉండదు. మరి ఈ కుక్క ఎవరిదమ్మా?" అన్నాడు.

"మా అత్తయ్యది."

"అన్నం పెట్టేదెవరు?"

"నేనే."

"అయితే నీది."

"నాది కాదు" అంది సొరైదా కోపంగా. "చెప్పాను కదా, మా అత్తయ్య కోసమని."

నాకు ఒక మచ్చల పిల్ల నచ్చింది. అది నా చెప్పు కొరుకుతోంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "పిల్లకుక్కకి రోజంతా కాపలా ఉండాలి. ఇల్లంతా తడుపుతుంది, అన్నీ కొరుకుతుంది, మీ కాళ్ళకి అడ్డంపడి మరిగే నీళ్ళు ఒంటిమీద పోయించుకుంటుంది. ఆ ఇంట్లో ఒకరు కాలింది చాలు. పెరిగిన కుక్కని తీసుకెళ్ళండి."

చెట్టు కింద నీడలో ఒకటి ఈ గొడవకి లేవకుండా పడుకుని ఉంది. నల్లగా, నుదుటిమీద ముడతలతో, పిల్లికంటే కాస్త పెద్దది. ముడతలు చూసి పాసా అని పేరుపెట్టారట, అంటే ఎండుద్రాక్ష. ఈతలు అయిపోయాయి, ఇక కుదురుగా ఒక ఇల్లు కావాలి దానికి అన్నాడు ఆయన. పెదవి ఎత్తి నోరు చూపించాడు. సగం పళ్ళు లేవు. ఈ జాతికి పుట్టుకతోనే పళ్ళు తక్కువట.

సొరైదా మొదటిసారి మెడ సాచి చూసింది. "కరవదా అయితే?"

"ప్రాణం మీదికొస్తే ఏదైనా కరుస్తుంది. నువ్వు కరవవా? నేను అబద్ధం చెప్పి అంటగట్టను. కానీ ఇది ఇంతవరకు ఎవర్నీ కరవలేదు. తిప్పాల్సిన పని పెద్దగా లేదు, పెరట్లో తిరిగితే చాలు. ఎండలో వదలకండి, ఒళ్ళు కాలుతుంది. చలికి గుడ్డ కప్పండి. అప్పుడప్పుడు చర్మానికి నూనె రాయండి. అంతే. కాకపోతే ఒక షరతు. దీన్ని నువ్వే ఎత్తుకెళ్ళాలి. ఈవిడ కాదు."

ఆ పెద్దాయన కుక్కని ఎత్తి ఆమె ముందు పట్టుకున్న ఆ కాసేపు నాకు ఒక యుగంలా గడిచింది. సొరైదా చేతులు చాచేది, వెనక్కి లాక్కునేది. కళ్ళు గట్టిగా మూసుకుంది. చివరికి తువ్వాలు అడ్డం పెట్టుకుని తీసుకుంది. తీసుకున్నాక, "అమ్మో, ఎంత వేడిగా ఉంది, దీనికి జ్వరమా?" అంది.

"దాని ఒళ్ళే అంత."

వ్యానులో తిరిగొస్తుంటే ఒళ్ళో కుక్క వణుకుతోందో, ఈమె వణుకుతోందో తెలియలేదు. ఎవరో వెనక సీటులో మూట దబ్బున పడేశారు. పాసా ఉలిక్కిపడి తలెత్తి, ఆమె మణికట్టు మీద నోరు తెరిచింది. సొరైదా కొయ్యబారిపోయింది. పెదవులు మాత్రం కదిలాయి, బందీ ప్రభువుని తలుచుకుంటోంది. పాసా పెద్దగా ఆవలించి మళ్ళీ తల వాల్చింది.

ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలైంది. మంచం మీద దింపగానే పాసా ముసలావిడ చెయ్యి వాసన చూసి, తుమ్మి, దిగిపోయింది. ఎన్నిసార్లు ఎక్కిస్తే అన్నిసార్లు దిగింది. దిగి నేరుగా సొరైదా వెనకే నడిచింది. వంటింట్లోకొస్తే వంటింట్లోకి, పెరట్లోకెళ్తే పెరట్లోకి. సొరైదా గరిటె అడ్డం పెట్టుకుని, "పో, పో, ఆవిడ దగ్గరికి పోవే" అని అరిచేది. అది కూర్చుని చూసేది.

"నా కోసం తెచ్చావా, నీ కోసం తెచ్చుకున్నావా?" అంది ముసలావిడ. "కుక్కకి కూడా గుడ్డిముండ అక్కర్లేదులే."

"అత్తయ్యా, మీ నోటికో దణ్ణం. నా భయం నాకుండగా చేతుల మీద మోసుకొచ్చాను."

"మోసుకొచ్చావు. ఇప్పుడు దానిక్కూడా తాళం వేస్తావు."

అన్నట్టే అయింది. కాళ్ళ మధ్య కుక్క తిరుగుతుంటే వేడి గంగాళాల దగ్గర పని సాగదు. సోమవారం వచ్చింది. సొరైదా పాసాని ముసలావిడ గదిలోకి తోసి, ఇద్దరికీ కలిపి తాళం వేసింది.

ఆ రోజు నేను వడ్డనకి సాయం వెళ్ళాను. బల్లలన్నీ నిండాయి. గోడవారగా ఇంకా మనుషులు నిలబడి ఉన్నారు. చిక్లాయో నుంచి ఒక పెద్ద కుటుంబం వచ్చింది, ఎవరిదో పుట్టినరోజు. ముందు సన్నగా మొదలైంది, చెక్క మీద గోళ్ళ చప్పుడు. గర్ర్, గర్ర్. సొరైదా వినపడనట్టు వడ్డిస్తోంది. చప్పుడు ఆగి, మూలుగు మొదలైంది. మళ్ళీ గోళ్ళు. బల్లల దగ్గర మాటలు ఒక్కొక్కటే తగ్గాయి. పుట్టినరోజు పెద్దమనిషి చెంచా దింపి, "ఏమ్మా, లోపల ఎవర్ని బంధించారు?" అన్నాడు. సరదాకే అన్నాడు.

"కుక్క సార్" అంది సొరైదా గబుక్కున. "కుక్క, అంతే."

తలుపు వెనకనుంచి గొంతు వచ్చింది. గట్టిగా కాదు, నెమ్మదిగా, స్పష్టంగా. "అవును నాయనా. కుక్కనే. ముసలి కుక్కని."

ఎవరూ నవ్వలేదు. ఆ బల్ల దగ్గరి ఆడమనిషి ఒకామె తన పళ్ళేన్ని ముందుకి నెట్టేసింది. అందరి కళ్ళూ సొరైదా మీదే. ఆమె చేతిలో రెండు పళ్ళేలున్నాయి, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అలాగే పట్టుకుని నిలబడింది. నాకు భయమేసింది. ఆమె కోపం నాకు తెలుసు. ముసలావిడ మీద విరుచుకుపడుతుందేమో, వచ్చినవాళ్ళనే లేవగొడుతుందేమో అనుకున్నాను.

పళ్ళేలు నా చేతిలో పెట్టి, నడుముగుడ్డ ముడి విప్పింది. తాళంచెవి జారి కిందపడింది. వంగి తీసుకుని తలుపు తీసింది.

ముందు పాసా వచ్చింది. వెనకాల నతివిదాద్, కట్టు కట్టిన చెయ్యి గుండెకి ఆనించుకుని, రెండో చేత్తో గోడ తడుముకుంటూ. జనం ఉన్నారని తెలిసి జుట్టు సవరించుకుంది. పాసా అలవాటుగా సొరైదా పాదాల దగ్గరికొచ్చి ఆగింది. ముసలావిడ ఇంకో అడుగేస్తే కుక్క మీద పడుతుంది. పక్కనే పొయ్యి.

"అత్తయ్యా, ఆగండి!" అని కేకేసి, సొరైదా వంగింది. తువ్వాలు లేదు, గరిటె లేదు. ఉత్త చేతుల్తో కుక్కని ఎత్తి చంకనేసుకుంది, రెండో చేత్తో అత్తగారి భుజం పట్టుకుంది. అలా ఇద్దర్నీ నడిపించుకుంటూ వీధివైపు గదిలోకి తెచ్చి, గల్లాపెట్టె పక్క కుర్చీలో ఆవిణ్ణి కూర్చోబెట్టింది. జనం వైపు తిరిగింది.

"మా అత్తగారు. ఈ పొయ్యిలు పెట్టింది ఈవిడే" అంది. "చెయ్యి కాల్చుకుందని భయపడి తాళం వేశాను. నాకింకో దారి తోచలేదు. తినేవాళ్ళు తినండి, పోయేవాళ్ళు పోండి."

ఆ పళ్ళెం నెట్టేసినామె లేచి వెళ్ళిపోయింది. మిగతావాళ్ళు ఉన్నారు. కాసేపటికి చెంచాల చప్పుడు మళ్ళీ మొదలైంది. నతివిదాద్ గాలి పీల్చి, "మొక్కజొన్న బరకగా రుబ్బారే" అంది. ఎన్ని రోజులకో వంట మీద ఆవిడ అన్న మొదటి మాట అది. సొరైదా వంటింట్లోకెళ్ళి పొయ్యి వెనక కూర్చుని ఏడ్చింది. పాసా కూడా వెంటవెళ్ళి పక్కన కూర్చుంది. ఈసారి పొమ్మనలేదు.

ఆ సాయంత్రం ఫెర్మీన్ రాగానే మొగుడూ పెళ్ళాలకి గట్టి గొడవైంది, వీధంతా వినపడేలా. గడియ ఊడదీశాడు. మర్నాడు మంగళవారమే కాబట్టి మట్టి ఇటుకలు తెచ్చి, పొయ్యిల చుట్టూ నడుమెత్తు గోడ లేపి, చిన్న తలుపు పెట్టాడు. అంత సులువైన పని ముందే ఎందుకు తోచలేదని అందరూ అన్నారు. ఏమో, భయపడ్డ మనిషికి ముందు తాళమే తోస్తుంది.

కుక్క ముసలావిడ దగ్గరికి ఎందుకు పోవట్లేదో నోర్కా కనిపెట్టింది. చేతికి రాసే మందులో కర్పూరం ఘాటు. షాపులో అడిగి వాసనలేని మందు తెచ్చింది. కట్టు మార్చిన రెండో రోజు పాసా ముసలావిడ చెయ్యి వాసన చూసింది. తుమ్మలేదు. సొరైదా దాన్ని ఎత్తి అత్తగారి మోకాళ్ళ మీద పెట్టి, దిగిపోతుందేమోనని చేతులు అడ్డం పెట్టుకుని నిలబడింది. పాసా రెండుసార్లు చుట్టూ తిరిగి, ముడుచుకుని పడుకుంది. నతివిదాద్ అరచెయ్యి దాని వీపు మీద ఆనించి, "ఇదే వేడి" అంది.

చెయ్యి నెమ్మదిగా మానింది. ఇప్పుడావిడ రోజూ గల్లా పక్కనే కూర్చుని వెల్లుల్లి వలుస్తుంది, చిక్కుడుగింజలు ఒలుస్తుంది, వచ్చినవాళ్ళని గొంతుని బట్టి పేరుపెట్టి పలకరిస్తుంది. పాసా వంట అయ్యేదాకా ఆవిడ ఒళ్ళో, వంట అయ్యాక కోడలి కాళ్ళ దగ్గర. పొయ్యిలవైపు చిన్న తలుపు దాటి ఎన్నడూ వెళ్ళలేదు.

నిన్న నేను కొత్తిమీర కోసం వెళ్ళేసరికి అత్తాకోడళ్ళు దాని గురించే వాదులాడుకుంటున్నారు.

"దానికి బాతు తోలు పెట్టకే, ఒళ్ళు వస్తుంది. ఎండుద్రాక్షని గుమ్మడికాయ చేస్తావు."

"మీరు పెట్టట్లేదా? రొట్టెముక్కలు ఎవరు పడేస్తున్నారు మరి, బందీ ప్రభువా?"

"నాకు కనపడదు. చేతిలోంచి జారిపోతాయి."

"సరిగ్గా దాని నోట్లోకే జారతాయి, కదూ?"

నన్ను చూసి ఇద్దరూ ఒకేసారి, "నువ్వు చెప్పు వదినా", "నువ్వు చెప్పవే అమ్మాయ్" అన్నారు. నేను కొత్తిమీర తీసుకుని ఇంటికొచ్చేశాను.